మూలుగలో పుట్టు రోగము – రక్తపు క్యాన్సరు, దాని చికిత్స

క్యాన్సరును మన పెద్దలు రాచపుండు అని పిలిచిరి. పుండు కంటికి కనబడును, చేతికి తగులును, వైద్యుడు దానిని కోసి తీయవచ్చును. కాని రక్తపు క్యాన్సరులో పలుమారు పుండు లేదు, కోయుటకు గడ్డయు లేదు. అది రక్తముతో పాటు దేహమంతటను తిరుగుచుండును. కనబడని శత్రువన్నచో భయమెక్కువ. ఆ భయములో జనులు చేయరాని పనులు కొన్ని చేయుదురు, చేయవలసినవి మానుదురు.

మా పాఠశాలకు సంబంధించిన కుటుంబములలో ఇటీవలి యేండ్లలో ఇద్దరు పిల్లలకు ఈ రోగము వచ్చినది. ‘సోకినది’ అని మేము వ్రాయము, ఎందుకనగా ఇది అంటురోగము కాదు. ఆ యిద్దరి విషయమును ముందు చెప్పెదము. మేము వైద్యులము కాము. పాఠము చెప్పి బ్రతుకువారము. కనుక పాఠము చెప్పు పద్ధతిలోనే, విద్యార్థులకును వారి తల్లిదండ్రులకును తెలియునట్లు ఈ సంగతిని వివరింప దలచినాము.

రక్తమెక్కడ పుట్టునని తరగతిలో అడిగినచో చాలమంది ‘గుండెలో’ నని చేతులెత్తుదురు. గుండె రక్తమును తోడిపోయు యంత్రమే గాని పుట్టించునది కాదు. రక్తకణములు ఎముకల లోపలి మూలుగలో పుట్టును. పుస్తకములలో దీనిని మజ్జ యందురు. ఇంటిలో అందరకును తెలిసిన మాట మూలుగయే. పెద్దవారిలో తుంటి యెముక, వెన్నుపూసలు, రొమ్ము నడిమి యెముక, ప్రక్కటెముకలు మొదలగువానిలో ఈ పని రాత్రింబవళ్ళు జరుగుచుండును. ఒక ఘన మిల్లీమీటరు రక్తములో, అనగా ఆవగింజలో పట్టునంత రక్తములో, ఎర్ర కణములు సుమారు 50 లక్షలు, తెల్ల కణములు 4,000 మొదలు 11,000 వరకు, ప్లేట్‌లెట్లు లక్షన్నర మొదలు నాలుగున్నర లక్షల వరకు ఉండును. ఎర్ర కణము సుమారు 120 దినములు బ్రతుకును. ప్లేట్‌లెట్టు పది దినములకు మించదు. తెల్ల కణములలో కొన్నిటి ఆయువు గంటల లెక్కయే. కనుక మూలుగ పని మానినచో దేహము నిలువజాలదు.

ఇపుడొక వరిచేనును తలచుకొనుడు. వరిలో ఊద మొలచును. మొలకలో రెండును ఒకే రీతిగా నుండును. అనుభవముగల రైతుకు గాని తేడా తెలియదు. ఊద పంటనీయదు, కాని వరికి పెట్టిన ఎరువును నీటిని తాను త్రాగి, వరిని అణగద్రొక్కును. మూలుగలో జరుగు సంగతి ఇదియే. పుట్టుచున్న తెల్ల కణములలో ఒకానొకదాని జీవసూత్రములో మార్పు కలుగును. అది పెరిగి పెద్దదై పని చేయవలసినది, ఎదుగక, చావవలసిన వేళకు చావక, తనవంటివానినే కనుచు పోవును. మూలుగ నిండిపోవును. నిజమైన కణములకు చోటు దొరకదు.

ఈ ఒక్క సంగతి గ్రహించినచో రోగ లక్షణములను కంఠస్థము చేయ బనిలేదు. ఎర్ర కణములు తగ్గిన పిల్లవాడు పాలిపోవును, మెట్లెక్కినచో ఆయాసపడును, ఆటకు పోక మూల కూర్చుండును. పనిచేయు తెల్ల కణములు తగ్గినందున జ్వరము వచ్చి తగ్గక, తగ్గినను మరల వచ్చును. ప్లేట్‌లెట్లు తగ్గినందున పండ్ల చిగుళ్ళనుండియు ముక్కునుండియు రక్తము కారును, దెబ్బ తగులకనే చర్మముపై నీలపు మచ్చలును, సూదితో పొడిచినట్లు ఎర్రని చుక్కలును కనబడును. మూలుగ కిక్కిరిసినందున ఎముకలు నొచ్చును. వీనిలో ఏ యొక్కటి చూచినను రక్తపు క్యాన్సరే యని బెదరనక్కరలేదు. వందమంది పిల్లలలో పాలిపోయిన ముఖములకు కారణము తిండిలేమియో నులిపురుగులో అయియుండును. కాని రెండు మూడు కలసి వచ్చి, రెండు వారములకు తగ్గకున్నచో, ఒక రక్తపరీక్ష చేయింపవలెను. దానికగు వ్యయము స్వల్పము. రోగము కలదా యని తేల్చుటకు తుంటి యెముకనుండి సూదితో కొంచెము మూలుగ తీసి పరీక్షింతురు.

1845 లో స్కాట్లండు వైద్యుడు బెన్నెట్టును, జర్మనీ వైద్యుడు విర్చోవును ఒకరితో నొకరికి సంబంధము లేకయే ఈ రోగమును వర్ణించిరి. రెండేండ్ల తరువాత విర్చోవు దీనికి లుకేమియా అని పేరిడెను. గ్రీకు భాషలో తెల్లని రక్తమని దాని యర్థము. నేడు వైద్యులు రక్తపు క్యాన్సరులను ముఖ్యముగా మూడు కుటుంబములుగా చెప్పుదురు: మూలుగలో పుట్టి రక్తములో ప్రవహించు లుకేమియా, శోషగ్రంథులలో గడ్డకట్టు లింఫోమా, ముదిమిలో వచ్చు మైలోమా. ఒక్కొక్కదానిలో పెక్కు భేదములు. ‘రక్తపు క్యాన్సరు’ అను ఒక్క పేరు విని ‘ఇక ఆశ లేదు’ అనుట, ‘జ్వరము’ అను పేరు విని మరణమే యనుట వంటిది. ఏ జ్వరమో ముందు తెలియవలెను గదా!

పిల్లలలో ఎక్కువగా వచ్చునది తీవ్రమైన లింఫోబ్లాస్టిక్ లుకేమియా. 1947 వరకు ఈ రోగము వచ్చిన బిడ్డ కొలది వారములలోనో నెలలలోనో మరణించుచుండెను. చేయుటకు వైద్యునికి ఏమియు లేకుండెను. ఆ స్థితిని మార్చిన కథలో మన తెలుగువాడొకడు కలడు. ఆతని పేరు తెలియని విద్యార్థి మా పాఠశాలలో ఉండరాదని మా కోరిక.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 లో భీమవరమున జన్మించెను. చదువులో మొదట తడబడినవాడే; మెట్రిక్యులేషను పరీక్షలో మూడవ ప్రయత్నమునకు ఈ మదరాసులోనే, తిరువల్లిక్కేణి హిందూ హైస్కూలునుండి గట్టెక్కెను. మార్చి పరీక్షలో తప్పి కన్నీరు పెట్టుకొను పిల్లలు ఈ వాక్యమును రెండుసార్లు చదువుదురు గాక. తరువాత మదరాసు వైద్య కళాశాలలో చదివెను. ఆతని అన్న స్ప్రూ అను విరేచనపు వ్యాధితో మరణించెను. ఆ దుఃఖము ఆతనిని పరిశోధనవైపు త్రిప్పినదందురు. అమెరికాకు పోయి హార్వర్డులో పనిచేసి, 1925 లో ఫిస్కె అను గురువుతో కూడి రక్తములోని భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించెను. జీవరసాయన విద్యార్థులకు ఆ పద్ధతి వారిద్దరి పేరుతోనే తెలియును. 1940 లో లెడర్లీ ప్రయోగశాలలో చేరెను. ఆతని నాయకత్వములో అచటివారు ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసిరి. ఇది ఆకుకూరలలో నుండు ఒక విటమిను. క్రొత్త కణము పుట్టుటకు ఇది లేక గడవదు.

బోస్టను నగరములో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు లుకేమియా పిల్లలకు ఆ జాతి పదార్థములనిచ్చి చూచెను. రోగము తగ్గకపోగా వేగముగా పెరిగినట్లు ఆయనకు తోచెను. మరియొకడైనచో అంతటితో విడిచిపెట్టును. ఆయన ఇట్లు తర్కించెను: ఏ పదార్థము వలన రోగకణము బలియుచున్నదో, ఆ పదార్థమును పోలిన నకిలీ దానిని అందించినచో? తాళములో సరిపడని చెవి విరిగి యిరుక్కొన్నచో అసలు చెవి కూడ దూరదు. అట్టి నకిలీ పదార్థములను సుబ్బారావు బృందము తయారు చేసి పంపెను. అందు అమినాప్టెరిన్ అనుదానిని 1947 డిసెంబరులో మొదటిసారి రోగియైన బిడ్డకిచ్చిరి. 1948 జూనులో ఫార్బర్ ఫలితములను ప్రకటించెను. మిక్కిలి జబ్బుపడియున్న 16 మంది పిల్లలలో 10 మందికి గుణము కనబడెను. ఆ గుణము కొలది నెలలే నిలిచెను. అయినను మందుతో ఈ రోగము వెనుదిరుగునని ప్రపంచమునకు మొట్టమొదట తెలిసెను. అదే యేడు ఆగస్టులో సుబ్బారావు, తన 53వ యేట, నిద్రలోనే గుండె ఆగి మరణించెను. ఆ మందునకు తమ్ముని వంటి మెథోట్రెక్సేట్ నేటికిని లోకమంతటను, మన చెన్నై ఆసుపత్రులలోను, లుకేమియా పిల్లలకిచ్చుచున్నారు. కీళ్ళవాతమునకు కూడ దానినే వాడుదురు. 1995 లో భారత ప్రభుత్వము సుబ్బారావు పేర తపాలా బిళ్ళ వెలువరించినది.

ఒక్క మందుతో రోగము తగ్గి మరల వచ్చుచున్నందున వైద్యులు పలు మందులను కలిపి యిచ్చుట నేర్చిరి. అందొకటి మా పాఠశాల ముంగిట పూచు బిళ్ళగన్నేరు నుండి వచ్చినదే. ఇచటివారు దానిని నిత్యకల్యాణి యందురు. మధుమేహమునకు పనికివచ్చునేమో యని కెనడా పరిశోధకులు ఆ యాకులను పరీక్షించుచుండగా ఎలుకలలో తెల్ల కణములు పడిపోవుట చూచిరి. 1958 నాటికి ఒక మందు బయటపడెను. దాని తోడబుట్టిన విన్‌క్రిస్టిన్ 1960 దశకమున లుకేమియా చికిత్సలో చేరెను. ఇది చదివి ఎవరును ఆ యాకులు నూరి త్రాగవలదు. అందు విషము కలదు. టన్నుల కొలది ఆకునుండి తీసిన గ్రాముల మందును, సిరలోనికి మాత్రమే, కొలిచి యిత్తురు.

నేటి చికిత్స నడచు తీరిది. మొదటి నాలుగు వారములు గట్టి మందులిచ్చి రోగకణములను అణచుదురు. పిమ్మట కొన్ని నెలలు మరల మరల దాడి సాగింతురు. మెదడులోనికి మందులు సులభముగా పోవు కనుక వెన్నులోనికి సూదితో మెథోట్రెక్సేట్ ఎక్కింతురు. తరువాత ఇంటివద్దనే, దినమునకొక రకము మాత్రయు వారమునకొక రకము మాత్రయు, మొత్తము రెండు మూడేండ్లు. మందు ఊదను పెరుకునపుడు వరి మొలకలు కూడ కొన్ని పోవును. వేగముగా పెరుగు కణములన్నియు దెబ్బతినును. అందుచే జుట్టు రాలును, నోరు పూయును, వాంతులగును. చికిత్స తరువాత జుట్టు మరల వచ్చును.

మొదటి నెల ముగియునప్పటికి నూటికి 95 మందికి పైగా పిల్లలలో సూక్ష్మదర్శినికి రోగము కనబడదు. జ్వరము తగ్గును, ముఖమున కళ వచ్చును, బిడ్డ ఆడుకొనును. మేము పైన చెప్పిన ఇద్దరిలో మొదటి పిల్లవాని తండ్రి ఇది చూచి, ‘జబ్బు పోయినది గదా అయ్యవారూ, ఇంకను ఈ మందులతో వాని నెందుకు హింసించుట?’ అని మమ్మడిగెను. బాడుగలకు బండి నడపు మనిషి. ఆసుపత్రికి పోయిన దినము కూలి లేదు. ఆయన మాటలో ప్రేమ కలదు, అలసట కలదు. అప్పటికే చికిత్స మానియుండిరి. తొమ్మిదవ నెలలో రోగము తిరిగి వచ్చెను. ఈ మారు మందులకు లొంగలేదు. ఆ బిడ్డ ఏడవ తరగతి పూర్తి చేయలేదు.

ఆయన ప్రశ్నకు సమాధానము లెక్కల పాఠములో కలదు. రోగము బయటపడునాటికి దేహములో రోగకణములు సుమారు లక్ష కోట్లు, అనగా 1 ప్రక్కన 12 సున్నలు. అన్నియు ప్రోగుచేసినచో ఒక కిలో తూగును. మొదటి నెల మందులు నూటికి తొంబదితొమ్మిదిన్నర కంటెను మిన్నగా, వేయింటికి 999 కణములను చంపినవనుకొందము. మిగిలినవెన్ని? వంద కోట్లు! సూక్ష్మదర్శినిలో చూచు చుక్కలో అవి కనబడవు. బిడ్డకు బాధయు ఉండదు. ఇపుడు మందు మానినచో వంద కోట్లు మరల లక్ష కోట్లగుటకు వేయి రెట్లు పెరుగవలెను. ఒకటిని రెండుచేత పదిమారులు హెచ్చించినచో 1,024. అనగా పది రెట్టింపులు చాలును. రెట్టింపునకు పది దినములు పట్టుననుకొన్నను వంద దినములు. మిగిలిన కణములు నెమ్మదిగా పెరిగినచో ఇంకొన్ని నెలలు. అంతే. ఇంకను కీడేమనగా, మొదటి మందులకు చావక మిగిలినవి మొండివై యుండును. రెండు మూడేండ్ల మాత్రలు కనబడని ఆ వంద కోట్లకొరకే. ధనిక దేశములలో నేడు ఈ రోగము వచ్చిన పిల్లలలో నూటికి సుమారు 90 మంది బాగగుచున్నారు. మన దేశములో ఆ సంఖ్య తగ్గుటకు కారణములలో నడుమ మానివేయుట ముఖ్యమైనది.

ఖర్చుమాట దాచరాదు. 2018 లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ పథకము క్రింద అర్హతగల కుటుంబమునకు ఏటికి 5 లక్షల రూపాయల వరకు వైద్యము లభించును. తమిళనాడులో ముఖ్యమంత్రి ఆరోగ్య బీమా కలదు. అడయారు క్యాన్సరు సంస్థ డాక్టరు ముత్తులక్ష్మీ రెడ్డి కృషితో 1954 లో వెలసినది, పేదలకు చికిత్స చేయు సంప్రదాయము దానికి కలదు. ఇట్టిచోట్ల సామాజిక సహాయకులుందురు. మందు మానుటకు ముందు వారితో మాటలాడవలెను. తెలుగు తప్ప రానివారికి దరఖాస్తులు నింపుటకు మా కార్యాలయము తోడుపడును.

మందులతో చాలనివారికి మూలుగ మార్పిడి చేయుదురు. ఇది శస్త్రచికిత్స కాదు. రోగి మూలుగను బలమైన మందులతో నిర్మూలించి, దాత ఇచ్చిన మూలకణములను రక్తమెక్కించినట్లు సిరలోనికెక్కింతురు. అవి దారి వెదకికొని ఎముకలలోనికి పోయి మొలకెత్తును! అమెరికాలో డొనాల్ థామస్ 1957 లో దీనిని మొదలిడి 1990 లో నోబెల్ బహుమానమందెను. మన దేశములో 1983 లో బొంబాయి టాటా ఆసుపత్రిలో మొదట జరిగెను. దాత వెన్నెముక కోయుదురని జనులు భయపడుట నిరాధారము. నేడు చాలవరకు చేతి సిరనుండి యంత్రముతో వేరుచేసి తీయుదురు. కొలది వారములలో దాత దేహము ఆ లోటు పూడ్చుకొనును. దాత కణములు రోగి కణములతో సరిపోలవలెను. తండ్రినుండి రెండింటిలో ఒకటి, తల్లినుండి రెండింటిలో ఒకటి బిడ్డకు వచ్చును కనుక తోబుట్టువు పూర్తిగా సరిపోవు అవకాశము నాలుగింట నొకటి. తోబుట్టువు కుదరనిచో బయటి దాతను వెదకుటకు చెన్నైలో 2009 లో మొదలైన దాత్రి వంటి దాతల పట్టికలు కలవు. ఒకే జాతి మూలములవారిలో పోలిక దొరకు వీలెక్కువ గనుక తెలుగువారెంతమంది అందు చేరిన అంత మేలు.

పెద్దవారిలో వచ్చు దీర్ఘ మైలాయిడ్ లుకేమియా సంగతి వేరు. 1960 లో ఫిలడెల్ఫియా నగరములో ఇద్దరు పరిశోధకులు ఆ రోగుల కణములలో ఒక పొట్టి క్రోమోజోమును కనుగొనిరి. 9వ, 22వ క్రోమోజోములు ముక్కలు మార్చుకొనుటచే అది పుట్టినదని 1973 లో జానెట్ రౌలీ చూపెను. ఆ అతుకు వలన పుట్టు దుష్ట పదార్థమునే అడ్డగించు ఇమాటినిబ్ మాత్ర 2001 లో వచ్చెను. దినమొక మాత్రతో ఇట్టి రోగులు ఇపుడు ఇంచుమించు ఇతరులవలె జీవించుచున్నారు. మొదట నెలకు లక్ష రూపాయలకు మించిన వెల. 2013 ఏప్రిల్ 1న మన సుప్రీంకోర్టు ఆ కంపెనీ కోరిన పేటెంటును నిరాకరించుటచే దేశీయపు చౌక మాత్రలు నిలిచినవి. ఇంకొక జాతి లుకేమియాకు విటమిన్ ఏ జాతి మందును, మన వైద్యములో శంఖపాషాణమని పేరొందిన ఆర్సెనిక్కును కలిపి యిచ్చి నయము చేయుచున్నారు. మోతాదు తెలిసినవాని చేతిలోనే విషము మందగును.

లింఫోమాలో మెడలోనో చంకలోనో గజ్జలోనో నొప్పి లేని బిళ్ళ కట్టును. మన దేశములో క్షయ వలన కూడ ఇట్లే బిళ్ళలు కట్టును గనుక, పరీక్ష లేకయే నెలల తరబడి క్షయ మందులు మ్రింగి ఆలస్యమగువారు కలరు. బిళ్ళనుండి ముక్క తీసి పరీక్షింపుడని అడుగుటకు సంకోచింపరాదు; హాడ్జ్‌కిన్ అను జాతి లింఫోమా అధికులలో నయమగును. మైలోమా వృద్ధులలో నడుమునొప్పిగా మొదలై ఎముకలను, మూత్రపిండములను చెరచును. ‘వయసు నొప్పులు’ అని త్రోసివేయక రక్తము, మూత్రము చూపవలెను.

క్రొత్త చికిత్స మరియొకటి. రోగి తెల్ల కణములనే వెలికి తీసి, శత్రువును గుర్తించునట్లు వానికి ప్రయోగశాలలో శిక్షణ యిచ్చి తిరిగి యెక్కింతురు. కార్-టి యని దీనికి పేరు. అమెరికాలో 2017 లో అనుమతి లభించెను. బొంబాయి ఐ.ఐ.టి., టాటా స్మారక కేంద్రముల కృషితో మన దేశములో తయారైనదానికి 2023 లో అనుమతి రాగా, 2024 ఏప్రిల్‌లో రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము దానిని ప్రారంభించిరి. వెల ఇంకను సామాన్యునికి అందదు.

ఇక మా ఇద్దరిలో రెండవ బిడ్డ. ఆమె చికిత్స సాగుచుండగానే గత జూనులో తలకు గుడ్డ కట్టుకొని తరగతికి వచ్చినది. ప్రక్క బల్లవారు జరిగి కూర్చుండిరి. మరుదినము అన్ని తరగతులలో ఇదే పాఠము చెప్పించితిమి. ఇపుడామె ప్రక్కన చోటుకొరకు తగవులాడుచున్నారు. ఆమె వలన ఇతరులకేమియు రాదు. ఇతరుల వలననే ఆమెకు ప్రమాదము. ఆటలమ్మ గాని తట్టు గాని ఇంట నెవరికి వచ్చినను ఆ దినమే పాఠశాలకు తెలుపుడు. ఆమె దానికి గురియైన వెంటనే వైద్యుని కలిసికొనవలసియుండును. ఆమెకు జ్వరము తగిలినచో మాత్ర వేసి పరుండబెట్టుట కాదు, ఆ గంటలోనే ఆసుపత్రి.

ఇట్టి రోగులకు ప్లేట్‌లెట్లు తరచు ఎక్కింపవలసివచ్చును. సేకరించిన ప్లేట్‌లెట్లు అయిదు దినములకంటె నిలువ యుండవు గనుక ఒకనాటి పెద్ద శిబిరముతో పని తీరదు, వారము వారము దాతలు కావలెను. 18 ఏండ్లు నిండి, 45 కిలోలకు తక్కువ కాని ఆరోగ్యవంతులు రక్తమీయవచ్చును. పురుషులు మూడు నెలలకొకసారి, స్త్రీలు నాలుగు నెలలకొకసారి. పూర్వ విద్యార్థుల రక్తవర్గముల పుస్తకమొకటి మా కార్యాలయములో తెరచితిమి. ఈ సంచిక అందిన నాటికి అందు 61 పేర్లున్నవి. ఓ నెగటివు వర్గమువారు ఇద్దరే.